డీకన్‌కి నూట పది పౌండ్లు

1983 మార్చి రెండో వారం. కాన్సస్. ఉదయం 05:10కి ఫోర్ట్ గేట్ దగ్గర బస్సు దిగాను. చలి పదహారు డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో. గాలి పడమర నుంచి. చెట్లు లేవు. గడ్డి మైదానం మీద మంచు పలచగా, చిరిగిన దుప్పటిలా ఉంది. నా దగ్గర ఒక డఫెల్ బ్యాగు, ఆర్డర్ల కవరు, మా అమ్మ కట్టిచ్చిన నిమ్మకాయ పచ్చడి సీసా. సీసా మూత బస్సులోనే వదులైంది. రెండు యూనిఫామ్ చొక్కాలు నిమ్మకాయ వాసన కొడుతున్నాయి.

నా ర్యాంకు స్పెషలిస్ట్ ఫోర్. ట్రేడు జంతు సంరక్షణ. వయసు ఇరవై రెండు. పదకొండేళ్లప్పుడు గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చాను. ఇంటిపేరు చేబ్రోలు. ఆర్మీలో దాన్ని పూర్తిగా పలికినవాళ్లు లేరు. మొదటి రోజు నుంచే నేను చెబ్.

ఎడిసన్‌లో మా వాళ్లు ఇప్పటికీ అడుగుతారు. "ఆంటీ, మీరు ఆర్మీలో ఏం చేశారు? వార్ చూశారా?" చూడలేదు. నేను గుర్రాలకి తిండి పెట్టాను. అది చెప్పగానే పిల్లలు ఫోన్లలోకి వెళ్లిపోతారు. పెద్దవాళ్లు నవ్వుతారు. కాబట్టి ఒకసారి పూర్తిగా రాసి పెడుతున్నాను.

మాది గుర్రాల డిటాచ్‌మెంట్. పదమూడు మంది సైనికులు, పద్నాలుగు గుర్రాలు. పని పరేడ్లు, సైనికుల అంత్యక్రియలు, రాష్ట్రంలో ఉత్సవాలు. శాల పాతది, రాతిది. ఇరవై స్టాళ్లు. మధ్యలో ఇటుకల నడవ. ఒక చివర దాణా గది, ఇంకో చివర నాడాలు కొట్టే కొలిమి. శాలకీ పచ్చిక బయలుకీ మధ్య ముప్పావు మైలు. మాట్లాడుకోడానికి చేతి రేడియోలు రెండు.

05:40కి స్టేబుల్ సార్జెంట్‌కి రిపోర్ట్ చేశాను. ఓక్లహోమా మనిషి. వయసు నలభై. ఆరడుగుల ఒక అంగుళం. పెద్ద పొట్ట. బెల్టు చివరి రంధ్రంలో ఉంది, అది కూడా మేకుతో తనే పొడుచుకున్నది. నా ఆర్డర్లు చదవలేదు. చేతిలో డోనట్ ఉంది. దాన్ని రెండుగా తుంచి ఒక సగం తను తిని, రెండో సగం ఆరో స్టాల్లోకి చాపాడు. నల్లటి మూతి ఒకటి వచ్చి తీసుకుంది.

"వీడు డీకన్," అన్నాడు. "పంతొమ్మిదేళ్లు. మా లీడ్ హార్స్, పరేడ్లో అందరికంటే ముందు నడిచేవాడు. నీకేం తెలుసు?"

"దాణా లెక్క తెలుసు, సార్జెంట్. స్కూల్లో అదే నా సబ్జెక్ట్."

"ఇక్కడ లెక్క లేదు. ఓట్స్ మూడు డబ్బాలు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఇరవై ఏళ్లుగా అంతే."

డబ్బా అంటే పాత కాఫీ డబ్బా. దాణా గదిలో మేకుకి వేలాడుతోంది.

డీకన్‌ని బయటికి తెచ్చాను. నల్లటి గుర్రం, విత్తులు తీయించినది. నుదుటి మీద వేలెడంత తెలుపు. శీతాకాలపు బొచ్చు కింద చెయ్యి పెడితే పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కకి వచ్చాయి. వెన్ను రెండు పక్కలా గుంట. పొట్ట మాత్రం ఉంది. గడ్డి పొట్ట. చూసేవాళ్లని మోసం చేస్తుంది. బరువు టేపు ముందు కాళ్ల వెనక నుంచి చుట్టాను. 940 పౌండ్లు. ఆ ఎత్తు గుర్రం పదకొండు వందల దగ్గర ఉండాలి.

"అది చాలా సన్నగా ఉంది, సార్జెంట్."

"వాడు," అన్నాడు సార్జెంట్. "అది కాదు. వాడు."

అప్పటి నుంచి నాకూ వాడే.

అదే వారం కెప్టెన్ ఇద్దర్నీ ఆఫీసుకి పిలిచారు. కెప్టెన్ ముప్పై ఏళ్లావిడ, చదువుకున్న మనిషి, మాట తక్కువ. బల్ల మీద కాగితం తిప్పి మా వైపు పెట్టారు.

"జూన్ ఆఖరుకి వెటర్నరీ బోర్డు. డీకన్ వెయ్యీ యాభై పౌండ్లు ఉండాలి. లేకపోతే సర్ప్లస్. సర్ప్లస్ గుర్రం వేలానికి వెళ్తుంది. సన్నటి ముసలి గుర్రాన్ని వేలంలో కొనేది కబేళా వాళ్లేనని మీకు నేను చెప్పక్కర్లేదు."

సార్జెంట్ నడవలోకి వచ్చాడు. అక్కడ ఆగి, గోడ వైపు చూస్తూ అన్నాడు. "నూట పది పౌండ్లు. పదిహేను వారాలు. నీ లెక్క బయటికి తియ్యి, చెబ్."

*

మొదట తూకం. దాణా గదిలో స్ప్రింగ్ త్రాసు వేలాడదీశాను. కాఫీ డబ్బాతో ఓట్స్ నింపి తూచాను. మూడు పౌండ్లు. అదే డబ్బాతో మొక్కజొన్న నింపి తూచాను. ఐదు.

సార్జెంట్ చూస్తున్నాడు. "మళ్లీ తూచు."

మళ్లీ తూచాను. మళ్లీ ఐదు.

చలికాలంలో ఓట్స్ అయిపోయినప్పుడల్లా అదే డబ్బాతో మొక్కజొన్న పెట్టేవాళ్లు. డబ్బా ఒకటే కాబట్టి తిండీ ఒకటే అనుకున్నారు. పద్నాలుగులో ఐదు గుర్రాలు లావెక్కి మెడ మీద కొవ్వు గట్టిపడి ఉన్నాయి. మూడు సన్నగా ఉన్నాయి. మిగతావి ఎలాగో నెట్టుకొచ్చాయి. సార్జెంట్ డబ్బాని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. నన్ను తిడతాడనుకున్నాను. "ఇన్నేళ్లు వీటికి అబద్ధం పెట్టానన్నమాట," అన్నాడు. డబ్బాని కొలిమి దగ్గరికి తీసుకెళ్లి మేకులు వేసుకోమని నాడాలు కొట్టే కార్పొరల్‌కి ఇచ్చేశాడు.

నల్ల బల్ల ఒకటి తెచ్చి నడవ గోడకి కొట్టాము. పద్నాలుగు వరసలు. గుర్రం పేరు, బరువు, పని, ఎండుగడ్డి, దాణా, ఉప్పు, నీళ్లు. లెక్క కష్టమైనది కాదు. ముందు గడ్డి. గుర్రం బరువులో వందకి రెండు పౌండ్ల దాకా గడ్డి పడాలి. దాని కడుపు గడ్డి కోసం కట్టింది. గడ్డి సరిపోనప్పుడే గింజలు. గింజలు ఒకేసారి కుమ్మరించకూడదు, మూడు పూటలకి పంచాలి. కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ కావాలి, కాల్షియం కొంచెం ఎక్కువ ఉండాలి. తవుడు ఎక్కువ పెడితే ఆ లెక్క తిరగబడి ఎముక గుల్ల అవుతుంది. ఏది మార్చినా పది రోజులు పట్టాలి, కొంచెం కొంచెంగా. ఇంతే. వంట తెలిసిన ఏ గృహిణికైనా ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. సార్జెంట్‌కి రెండు రోజులు పట్టింది. అర్థం కాక కాదు. ప్రతి అంకెనీ పోట్లాడి ఒప్పుకున్నాడు.

తూకంతో పదమూడు గుర్రాలు దారిలో పడ్డాయి. డీకన్ పడలేదు. ఇరవై పౌండ్ల గడ్డి వేశాను. మూడో వారానికి టేపు 944 చూపించింది.

ఒక రోజు వేరే పని ఏమీ పెట్టుకోకుండా ఆరో స్టాలు ముందు బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. డీకన్ తింటుంటే చూశాను. వాచీ పెట్టుకుని. మిగతా గుర్రాలు ముగించాక కూడా వాడు నములుతూనే ఉన్నాడు. తల ఒక పక్కకి వాల్చి. తర్వాత తొట్టి కింద చెయ్యి పెట్టాను. ఉండలు. నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు, తడిగా, నిమ్మకాయంత. పదిహేడు ఉన్నాయి. మా నాయనమ్మ తాంబూలం నమిలి ఉమ్మినట్టు వాడు గడ్డిని రసం పీల్చి వదిలేస్తున్నాడు. కడుపులోకి వెళ్లేది సగం.

వెటర్నరీ మేజర్ నలభై మైళ్ల అవతల ఇంకో పోస్టులో ఉంటాడు. సన్నటి పెద్దమనిషి, చెవిలో వినికిడి మిషను. వచ్చి డీకన్ నోట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. దంతాల అంచులు కత్తుల్లా పెరిగాయి. రెండు ఊడిపోయాయి. గంటసేపు ఆకురాయితో అరగదీశాడు.

"అంచులు పోయాయి. ఊడిన పళ్లు మళ్లీ రావు," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "పొడుగు గడ్డి ఇక వీడికి పెద్దగా పనికిరాదు. ఇంకో దారి చూడు."

ఆ ఆదివారం మధ్యాహ్నం బ్యారక్స్ ఫోన్ నుంచి ఎడిసన్‌కి చేశాను. మా అమ్మకి ఆర్మీ అంటే భయం, గుర్రమంటే లేదు.

"పళ్లు లేనిదానికి గడ్డేమిటే? ఉలవలు నానబెట్టి ఉడికించి పెట్టు. గుంటూరులో జట్కా సాయిబు అదే పెట్టేవాడు. ముసలి గుర్రం నిగనిగలాడుతూ ఉండేది."

"అమ్మా, ఇక్కడ ఉలవలు దొరకవు."

"దొరికిందే నానబెట్టు. నీకు పళ్లు వచ్చేటప్పుడు నేను అన్నం మెత్తగా పిసికి పెట్టలా?"

సోమవారం 08:00కి మేజర్‌కి ఫోన్ చేసి నానబెట్టే దాణా గురించి అడిగాను. బీట్ పల్ప్ అన్నాడు. చక్కెర తీసేశాక మిగిలే బీట్ దుంప పిప్పి. గోళీల్లా ఎండబెట్టి సంచుల్లో వస్తుంది. నీళ్లలో వేస్తే నాలుగింతలు ఉబ్బుతుంది. మెత్తన. దాంట్లో నానిన అల్ఫాల్ఫా, అంటే లూసర్న్ గడ్డి ముక్కలు, నలగ్గొట్టిన ఓట్స్, ఒక కప్పు మొక్కజొన్న నూనె, రెండు స్పూన్ల ఉప్పు. ఇందులో కాల్షియం లెక్క సరిపోతుంది, అది చెడకుండా తవుడు ఆపేశాను. పది రోజుల్లో పాత తిండి తగ్గిస్తూ కొత్తది పెంచాను. నాలుగు పూటలు. తొట్టిలో పెడితే డీకన్ మొదట మూతి పైకెత్తి నన్ను చూశాడు. తర్వాత తల దించి, బకెట్ అడుగు నాకేదాకా ఎత్తలేదు. తొట్టి కింద ఉండలు కనపడడం తగ్గిపోయింది.

ఆరో వారం, 968.

*

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గడ్డి తూస్తున్నాను. సార్జెంట్ దాణా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. చేతిలో ఆఫీసు నుంచి వచ్చిన కాగితం. నాకు ఇచ్చి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

కొత్త రూల్. ఎత్తుకి తగ్గ బరువు. సార్జెంట్ హద్దు 211. మెడిక్ తూచింది 236. ప్రతి నెలా తగ్గుతూ ఉండాలి. తగ్గకపోతే సర్వీసులోంచి పంపిస్తారు.

"నా సర్వీసు పంతొమ్మిదిన్నర ఏళ్లు," అన్నాడు సార్జెంట్. "ఇరవై నిండకపోతే పెన్షన్ లేదు. ఇంటికెళ్లి ఏం చెయ్యాలో తెలీదు. నాకు గుర్రాలు తప్ప ఇంకేం రాదు."

త్రాసు కొక్కెం పట్టుకుని నిలబడ్డాను.

"వాడికి రాసినట్టే నాకూ ఒకటి రాయి, చెబ్. వాడు పెరగాలి, నేను తగ్గాలి. ఎవరికీ చెప్పకు."

"రోజూ ఏం తింటారు, సార్జెంట్?"

చెప్పాడు. నేను రాసుకున్నాను. పొద్దున డోనట్లు నాలుగున్నర.

"ఆ అర ఏంటి?"

"మిగతా సగం వాడిది."

"వాడి దాణాలో డోనట్ లేదు, సార్జెంట్."

కిటికీ అద్దం మీది దుమ్ము వేలితో తుడిచాడు. "అయితే నా దాంట్లో కూడా కొట్టెయ్యి. వాడి ముందు నేనొక్కణ్ణీ తినలేను."

అలా బల్ల మీద పదిహేనో వరస వచ్చింది. పేరు: ముసలి కంచరగాడిద. బరువు రాయలేదు. పని: నడక, రోజుకి నాలుగున్నర మైళ్లు. గింజలు: తగ్గించాలి. ఆకుకూర: ఎంతైనా. పచ్చిక బయలుకి జీపులో వెళ్లడం సార్జెంట్ మానేశాడు. ముప్పావు మైలు, రోజుకి ఆరుసార్లు, నడక. డీకన్‌ని పక్కన నడిపించుకుంటూ. ముసలి గుర్రానికి కండ రావాలంటే నడక కావాలి. మేత ఒక్కటే అయితే కొవ్వు వస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ వర్తిస్తుంది.

తనిఖీకి వచ్చినప్పుడు కెప్టెన్ బల్ల మొత్తం చదివారు. కింద ఆగారు.

"మనకి పద్నాలుగు గుర్రాలే కదా. ఈ పదిహేనోది ఎవరు?"

నాడాల కార్పొరల్ కొలిమిలో బొగ్గు తిప్పుతూ ఉండిపోయాడు. నేను అటెన్షన్‌లో ఉన్నాను. సార్జెంట్ ముందుకి చూస్తూ చెప్పాడు. "కంచరగాడిద, మేడమ్. అరువు మీద వచ్చింది. అక్టోబర్‌లో వెళ్లిపోతుంది."

కెప్టెన్ సార్జెంట్ బెల్టు వైపు ఒక్క క్షణం చూశారు. పాత రంధ్రంలోకి వచ్చింది అప్పటికి. "బాగా చూసుకోండి," అని పక్క స్టాల్‌కి వెళ్లిపోయారు.

*

మే రెండో వారం నేను తప్పు చేశాను.

ముందు రోజు రైఫిల్ క్వాలిఫికేషన్. రోజంతా వానలో ఫైరింగ్ రేంజ్ మీద. తిరిగొచ్చి బూట్లతోనే మంచం మీద పడ్డాను. పొద్దుటి దాణాకి సాయంత్రమే పిప్పి నానబెట్టాలి. మర్చిపోయాను. 04:50కి గుర్తొచ్చింది. పరిగెత్తుకెళ్లి వేడినీళ్లు పోశాను. అరగంట తర్వాత పైన చెయ్యి పెడితే మెత్తగా ఉంది. అడుగు చూడలేదు. 05:30కి పెట్టాను. పచ్చిక బయలు గేటు దగ్గరికి వెళ్లాను.

05:42కి రేడియో. నాడాల కార్పొరల్ గొంతు.

"చెబ్, ఆరో స్టాలు. డీకన్ మెడ చాచి నిలబడ్డాడు. ముక్కుల్లోంచి ఆకుపచ్చగా కారుతోంది. ఓవర్."

"బకెట్ తీసెయ్. నీళ్లు కూడా తీసెయ్. వస్తున్నా. ఓవర్."

ముప్పావు మైలు అంత వేగంగా నేను మళ్లీ ఎప్పుడూ పరిగెత్తలేదు. నానని గోళీలు గొంతులో ఉబ్బి గొట్టానికి బిరడాలా పట్టేశాయి. డీకన్ మెడ చాస్తున్నాడు, మింగబోతున్నాడు, దగ్గుతున్నాడు. నురుగు. కళ్లు పెద్దవి. గుర్రానికి వాంతి రాదు. లోపలికైనా వెళ్లాలి, లేదా ఇలాగే ముక్కుల్లోంచి. ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా.

మేజర్ ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పాడు. "తల కిందికి. నిశ్శబ్దం. ఏమీ పెట్టకండి. బయల్దేరాను."

సార్జెంట్ స్టాల్లోకి వెళ్లి డీకన్ తల కిందికి దించి, నుదురు తన ఛాతీకి ఆనించుకున్నాడు. అలాగే ఉండిపోయాడు. చొక్కా అంతా నురుగు. ఏదో చర్చి పాట కూనిరాగం. మాటలు లేవు. నేను మెడ కింద గడ్డ తగిలిన చోట పైనుంచి కిందికి నిమురుతున్నాను. చాలా గబగబా.

"నెమ్మదిగా," అన్నాడు సార్జెంట్. "నీ భయం వాడికి చేతుల్లోంచి వెళ్తుంది."

"నేను నానబెట్టలేదు, సార్జెంట్. మర్చిపోయాను."

"తర్వాత. ఇప్పుడు నిమురు."

07:25కి మేజర్ వచ్చాడు. ముక్కులోంచి గొట్టం దింపి గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా పోసి, బయటికి రానిచ్చి, మళ్లీ పోశాడు. 08:10కి డీకన్ ఒక్కసారి గట్టిగా మింగాడు. గడ్డ నా వేళ్ల కింది నుంచి జారిపోయింది. అది పోవడం నాకు తెలిసింది. మేజర్ గొట్టం తీసి నేల మీద కూర్చుండిపోయాడు.

08:30కి కెప్టెన్ వచ్చారు. ఏం జరిగిందని అడిగారు.

"నా శాలలో జరిగింది, మేడమ్. బాధ్యత నాది," అన్నాడు సార్జెంట్.

"నానబెట్టడం మర్చిపోయింది నేను, మేడమ్," అన్నాను. "అడుగు చూడకుండా పెట్టింది కూడా నేనే."

కెప్టెన్ ఇద్దర్నీ చూశారు. నాకు పద్నాలుగు రోజుల ఎక్స్‌ట్రా డ్యూటీ. లాగ్ బుక్కులో ఉన్నదున్నట్టు రాయమన్నారు. రాశాను. "అజాగ్రత్త" అనే మాట దగ్గర చెయ్యి ఆగింది. పక్కన నిలబడ్డ సార్జెంట్ అది చూశాడు. "రాయి," అన్నాడు మెల్లిగా. "రాసినవాళ్లు మళ్లీ చెయ్యరు."

వారం రోజులు పూటపూటకీ టెంపరేచర్ చూశాను. 101 దాటలేదు, అంటే జ్వరం లేదు. బరువు పన్నెండు పౌండ్లు పడిపోయింది. సార్జెంట్ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. కానీ రోజూ సాయంత్రం 17:00కి దాణా గదికి వచ్చి, నేను నానబెట్టిన బకెట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు తడిమేవాడు. నేనూ తడిమేదాన్ని. ఎదురెదురుగా, ఒకే బకెట్లో. ఆ చేతుల్లో నమ్మకం తిరిగి రావడానికి ఎన్ని రోజులు పట్టిందో చెప్పలేను. ఒక సాయంత్రం సార్జెంట్ అడుగు తడమడానికి రాలేదు. ఆ రోజు నాకు అర్థమైంది.

మే ఆఖర్లో అమ్మ దగ్గర్నుంచి పార్సెల్. జాకెట్ గుడ్డ సంచీలో నాలుగు పౌండ్ల ఉలవలు. ఏ జెర్సీ సిటీ షాపులో వెతికిందో. మీద చీటీ: "గుర్రానికి. నువ్వు తినెయ్యకు."

కొలిమి మీద కుండ పెట్టి ఉడకబెట్టాం. శాలంతా ఆ వాసన. డీకన్‌కి ఒక గుప్పెడు. అంతే, లెక్క చెడకుండా. మిగిలిన నీళ్లు నేను, చింతపండు లేదు కాబట్టి, అమ్మ నిమ్మకాయ పచ్చడి వేసి కాచాను. సార్జెంట్ కాఫీ మగ్గులో పోసుకుని తాగాడు. ఇంకో మగ్గు పోసుకున్నాడు.

"దీని పేరేంటి?"

"హార్స్ గ్రామ్, సార్జెంట్. గుర్రాల గింజ."

"గుర్రం తిండి తింటే సన్నబడతానని ఇరవై ఏళ్లలో ఒక్క డాక్టరూ చెప్పలేదు," అన్నాడు.

*

జూన్ ఆఖరి వారం. మధ్యాహ్నం 97 డిగ్రీలు. టేపు 1,050 గీత మీదే ఉంది. మేజర్ ఒప్పుకోలేదు.

"టేపు యాభై పౌండ్లు అటూ ఇటూ చెప్తుంది. బోర్డుకి నేను సంతకం పెట్టాలి. నిజం తూకం కావాలి."

ఫోర్ట్‌లో గుర్రం తూగే త్రాసు లేదు. ఊళ్లో ఎలివేటర్ దగ్గర, అంటే గోధుమలు నిల్వచేసే గోదాము దగ్గర, ట్రక్కులు తూచేది ఉంది. పాతకాలపు కడ్డీ త్రాసు, పది పౌండ్ల గీతలు. 13:20కి ట్రెయిలర్‌లో డీకన్‌ని తీసుకెళ్లాం. గోధుమ కోతల రోజులు. తొమ్మిది ట్రక్కులు వరసలో ఉన్నాయి. డ్రైవర్లు బీడు భూమిలా ఎండిన మొహాలతో కిందికి దిగి చూస్తున్నారు. త్రాసు చూసుకునే ముసలాయన మాకు దారి ఇప్పించాడు.

ఇనప పలక మీద కాలు పెట్టగానే అది గుల్లగా మోగింది. డీకన్ వెనక్కి గుంజాడు. రెండోసారీ అంతే. మూడోసారి సార్జెంట్ పలక మీదికి ముందు తను వెళ్లి, తాడు వదులుగా పట్టుకుని నిలబడ్డాడు. డీకన్ వెనకే వచ్చాడు. సార్జెంట్ దిగబోతే వాడూ దిగబోయాడు.

"మీరూ ఉండండి," అన్నాడు ముసలాయన కిటికీలోంచి. "ఇద్దర్నీ తూచి మీది తీసేస్తాను. మీ బరువు చెప్పండి."

దాదాపు మూడు నెలలుగా నేను బల్ల మీద రాయని అంకె అది. సార్జెంట్ తన భార్యకి కూడా చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. వెనక తొమ్మిది మంది డ్రైవర్లు.

"రెండు వందల పద్నాలుగు," అన్నాడు సార్జెంట్, అందరికీ వినపడేట్టు. "పొద్దున మెడిక్ తూచాడు. బూట్లు లేకుండా."

"పది పౌండ్ల గీతల మీద బూట్ల సంగతి ఎవరిక్కావాలి?"

"నాకు కావాలి. డీకన్ బరువులో నా బూట్లు కలవకూడదు."

ఒంగి బూట్లు విప్పి నాకు అందించాడు. సాక్సులతో నిలబడ్డాడు. ముసలాయన కడ్డీ మీద బిళ్లని జరిపాడు. కడ్డీ ఊగింది. పైకి, కిందికి. నిలబడింది.

"పన్నెండు వందల డెబ్బై."

మేజర్ చేతి మీద పెన్నుతో తీసివేశాడు. నేను మనసులో అప్పటికే తీసేశాను. 1,056.

ఒక డ్రైవర్ "మంచి గుర్రం," అన్నాడు. మేజర్ కాగితాన్ని ట్రెయిలర్ మీద పెట్టి సంతకం చేశాడు. సార్జెంట్ ఇంకా హద్దుకి మూడు పౌండ్లు మీదే ఉన్నాడు. కానీ ప్రతి నెలా తగ్గుతూ వచ్చాడు కాబట్టి మెడిక్ తృప్తికరం అని రాశాడు. అక్టోబర్‌లో ఇరవై ఏళ్లు పూర్తి చేసి, బల్ల మీద పదిహేనో వరసని తన చేత్తోనే తుడిచేసి వెళ్లాడు.

డీకన్ ఆ వేసవీ, తర్వాతి వేసవీ లీడ్‌లో నడిచాడు. నేను 1985 ఫిబ్రవరిలో డిశ్చార్జి అయ్యాను. న్యూవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో అమ్మ నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని, "ఏమే, గుర్రం ఎలా ఉంది?" అంది. నా సంగతి తర్వాత అడిగింది. రెండేళ్ల తర్వాత నాడాల కార్పొరల్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. డీకన్ ఇరవై మూడో ఏట పచ్చిక బయల్లో, ఎండలో పడుకుని పోయాడట. చివరి రోజు కూడా బకెట్ అడుగు నాకాడట.

నేను తర్వాత దాణా మిల్లులో పనిచేశాను, పెళ్లి చేసుకున్నాను, రిటైరయ్యాను. కాన్సస్‌లో చాలా చూశాను. టోర్నడో చూశాను. జెండా కప్పిన పెట్టెల వెనక చాలా దూరాలు నడిచాను. అవి ఒక్కోసారి మర్చిపోతాను.

ఇది మర్చిపోను. తొంభై ఏడు డిగ్రీల ఎండలో ఇనప పలక ఎలా కాలి ఉంటుందో నాకు తర్వాత తెలిసింది, బూట్లు తిరిగిస్తుంటే సాక్సులు విప్పిన సార్జెంట్ కమిలిన అరికాళ్లు చూసినప్పుడు. కడ్డీ నిలబడడానికి ఒక నిమిషం పైనే పట్టింది. మనిషి కాలు కదిపితే గుర్రం కదులుతుంది. గుర్రం కదిలితే తూకం పోతుంది. గాలికి గోధుమ పొట్టు ఎగురుతోంది. డీకన్ గడ్డం సార్జెంట్ భుజం మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. సార్జెంట్ కాలు కదపలేదు.